సుభద్రాయమ్మ తొమ్మిది నోటుపుస్తకాలు

అక్టోబరు 4

సముద్రపు గోడ, పధ్నాలుగో బురుజు. సముద్రం వైపు నీటిమట్టం మూడు మీటర్ల ఇరవై, కాలువ వైపు ఒకటీ నలభై. లాకు తలుపులు నాలుగూ బాగానే ఉన్నాయి. రెండో తలుపు చక్రానికి గ్రీజు పెట్టాను.

డిపార్టుమెంటు వారికి కావలసింది ఇంతే. ఈ దినచర్య పుస్తకంలో ప్రతి పేజీ కింది సగం ఖాళీగా పోతూ ఉంటుంది. ఇవాళ అక్కడ రాయవలసిన సంగతి ఒకటుంది.

బుల్లెబ్బాయి బాబాయ్ వచ్చే నెల ఇరవయ్యో తేదీన ఉద్యోగం చాలించి పడవలో ఒడ్డుకు వెళ్ళిపోతారు. గోడ మీద లస్కరుగా ఆయనకు ఇరవై ఆరేళ్ళు. ఇద్దరం కలిసి పనిచేస్తున్నది పదకొండేళ్ళు. గోడకు అవతల సముద్రం, ఇవతల డెల్టాలో మిగిలిన పొలాలు, మధ్యలో తలుపులు తెరుస్తూ మూస్తూ మేమిద్దరం.

మధ్యాహ్నం ఆయన రేకుపెట్టె ఒకటి మోసుకొచ్చి నా గదిలో దించారు. అందులో తొమ్మిది లావుపాటి నోటుపుస్తకాలు. ఫిబ్రవరిలో పోయిన ఆయన భార్య సుభద్రాయమ్మ రాసినవి. ఆవిడ వంటింటి కిటికీ దగ్గర కూర్చుని రాసుకుంటూ ఉండడం ఎన్నోసార్లు చూశాను. ఏం రాస్తున్నారని ఒక్కసారీ అడగలేదు.

"నాకు బోర్డులూ మీటర్లూ తప్ప చదవటం రాదు కదమ్మాయ్," అన్నారు బాబాయ్. "ఇందులో ఏం రాసిందో ఎల్లేలోపు తెలుసుకోవాలనుంది. 'వేణికియ్యండి, అది చదివే మనిషి' అని తనే సెప్పింది, ఆస్పత్రిలో."

"గొంతు యంత్రానికి ఇస్తే చదివి వినిపిస్తుంది కదా బాబాయ్."

"దానికి ఊపిరి తీసుకునే పని లేదు. ఎక్కడ ఆగాలో దానికెలా తెలుస్తది?"

ఆ వేణిని నేనే. చదివే మనిషి అన్న మాటను సరిదిద్దలేదు. పెట్టె తీసుకున్నాను.

అక్టోబరు 5

నీటిమట్టం నిన్నటి లాగే. తలుపుల అడుగున పట్టిన నత్తగుల్లలు గీకించాను.

చిన్నప్పుడు నేను బస్సులో చదువుతూ దిగాల్సిన చోటు దాటిపోయేదాన్ని. కండక్టరు నన్ను గుర్తుపెట్టుకుని, స్టాపు రాగానే భుజం తట్టి దింపేవాడు. ఆ పిల్ల ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియదు. ఇవాళ్టి నుంచి చదవనని ఎవరూ అనుకోరు కదా.

పూస వచ్చి పన్నెండేళ్ళయింది. చెవి వెనక అతికించుకుంటే చాలు, ఏ పుస్తకం పేరు తలచుకున్నా నాలుగు నిమిషాల్లో దాని సారం మనసులోకి వచ్చేస్తుంది, ఎప్పుడో చదివినట్టే. మొదట్లో, చదవబోయే పుస్తకం మంచిదో కాదో తెలుసుకోవడానికని వాడాను. తెలిసిపోయిన పుస్తకం తెరవాలనిపించేది కాదు. పూస లెక్కలో నాకు ఇప్పుడు నాలుగు వేల రెండు వందల పుస్తకాలు వచ్చు. వాటిలో ఒక్క వాక్యం చెప్పమంటే చెప్పలేను.

మొదటి నోటుపుస్తకం తెరిచాను. చీమల బారులాంటి అక్షరాలు. నాలుగో పంక్తికి కళ్ళు జారిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టాను. ఐదో పంక్తిలో కిటికీలోంచి కొంగలు చూస్తున్నాను. అప్పుడు పూస అడిగింది, సారం కావాలా అని.

తొమ్మిది నోటుపుస్తకాలూ కెమెరా ముందు పెట్టి వరసగా పేజీలు తిప్పేశాను. పొయ్యి మీద అన్నం ఉడికేలోపు పని అయిపోయింది.

అక్టోబరు 6

ఈ రోజు చేసిన పని ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

టీ తాగుతుండగా బాబాయ్‌కి చెప్పాను. "ఇది నూకాలు అనే పడవ నడిపే మనిషి కథ బాబాయ్. వరదలో ఆమె పడవ కొట్టుకుపోతుంది. దాన్ని వెతుకుతూ చాలామందిని కలుసుకుంటుంది. చివరికి పడవ దొరుకుతుంది. మనుషుల ఆదరణే అసలైన తీరమని గ్రహిస్తుంది."

ఆయన ఇంకా వస్తుందనుకుని కాసేపు చూశారు.

"తర్వాత?"

"అంతేనండి."

"ముప్పై ఏళ్ళు కూకుని రాసింది ఇదా."

ఆయన గ్లాసులో మిగిలిన టీ కాలువలోకి వంచేశారు.

"పిచ్చిది. కూర మాడబెట్టుకుని మరీ రాసేది. నేనే ఏదో పెద్ద ఇసయం అనుకున్నాను." లేచి రెండడుగులు వేసి మళ్ళీ ఆగారు. "కాయితాలు ఏరుకునే పడవ వస్తది కదా, దానికిచ్చెయ్. ఒడ్డున నాదొక్క గది. ఈ పెట్టె ఎక్కడ పెట్టుకోను?"

చనిపోయిన మనిషిని నేను నాలుగు వాక్యాల్లో చిన్నది చేసేశాను. అదీ చదవకుండా.

అక్టోబరు 8

బాబాయ్ అన్నం తన గదిలోనే తింటున్నారు. పనిలో అవసరమైన మాటలే.

పూస తీసి డబ్బాలో పెట్టాను. చెవి వెనక చర్మం తెల్లగా, మెత్తగా ఉంది. రోజూ చదవాలనీ, నీటిమట్టం రాసినట్టే పంక్తులు లెక్కపెట్టి రాయాలనీ నిర్ణయించుకున్నాను.

సముద్రం వైపు మూడు మీటర్ల పది. కాలువ వైపు ఒకటీ నలభై. చదివినవి: పదకొండు పంక్తులు.

అక్టోబరు 11

మూడు మీటర్ల పదిహేను. ఒకటీ ముప్పై ఐదు. పంతొమ్మిది పంక్తులు, తలనొప్పితో.

మొదటి నోటుపుస్తకం నిండా నూకాలు పూర్వీకులే. ఎవరు ఎవరిని చేసుకున్నారో, ఎవరి వాటాకి ఏ కొబ్బరిచెట్లు వచ్చాయో. మూడు నిమిషాలకొకసారి చెయ్యి దానంతటదే చెవి వెనక్కి పోతోంది. అక్కడేమీ లేకపోయేసరికి, చీకట్లో లేని మెట్టు మీద అడుగేసినట్టు ఉంటోంది.

అక్టోబరు 14

మూడు మీటర్ల ఐదు. ఒకటీ ముప్పై. ఎనిమిది పంక్తులు.

తగ్గిపోతోంది. నేనిక చదవలేనేమో. సుభద్రాయమ్మ నన్ను చూసి చదివే మనిషి అనుకున్నది బహుశా పదకొండేళ్ళ కిందట గోడ మీదికి వచ్చినప్పటి నన్నేమో. ఇప్పుడున్న మనిషి ఆవిడకు తెలియదు. కాగితాల పడవ పద్దెనిమిదిన వస్తుందని కబురు.

అక్టోబరు 15

పంక్తుల లెక్క మానేశాను. ఎందుకంటే ఇవాళ ఒక తప్పు చేశాను. మొదటి నోటుపుస్తకం మీద విసుగొచ్చి, రెండోదాన్ని పక్కకు నెట్టి, మూడోది నడిమధ్యన తెరిచాను. వరసగా చదవకపోవడం ఆవిడకు అన్యాయం అనిపించింది. అయినా తెరిచాను.

అక్కడ నూకాలు పడవను వెతుకుతూ పెదరేవులో ఒక ఇంటికి వస్తుంది. ఆ ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు, ఇద్దరికీ భర్తలు పోయారు. వంటింటి మధ్యగా ముగ్గుపిండితో గీత గీసుకుని, చెరో వైపు వండుకుంటారు. పన్నెండేళ్ళుగా మాటల్లేవు. ఏదన్నా చెప్పాలంటే పిల్లికి చెబుతారు. పిల్లి పేరు కరణం. "కరణం, అటుపక్క మహాతల్లికి చింతపండు అయిపోయినట్టుంది, నా డబ్బాలోది తీసుకోమను," అంటుంది పెద్దావిడ. "కరణం, ఆవిడ డబ్బాలో పురుగుందని చెప్పు," అంటుంది చిన్నావిడ. ఇద్దరి మధ్యా విస్తరి వేసుకుని కూర్చున్న నూకాలు, ఎడమ చేతివైపు పప్పు పొగిడితే కుడి చేతివైపు పులుసు గిన్నె దూరంగా జరిగిపోతుంది.

నేను గట్టిగా నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది. ఆ భాగం ముగించి తలెత్తేసరికి ఐదింటికి తియ్యాల్సిన నీటిమట్టం తియ్యలేదని గుర్తొచ్చింది. ఆరున్నరకు తీశాను. ఆలస్యానికి కారణం అన్న గడిలో ఏం రాయాలో తోచక వదిలేశాను.

అక్టోబరు 16

ఉదయం బాబాయ్ తలుపు చక్రం తుడుస్తుంటే వెళ్ళి నిలబడ్డాను.

"బాబాయ్, నేను మీకు చెప్పింది తప్పు. అది నేను చదివి చెప్పింది కాదు, పూస చెప్పింది. నిన్న మొదటిసారి నేనే చదివాను."

ఆయన గుడ్డ దులిపారు కాని తలెత్తలేదు.

"ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళుంటారు. పిల్లితో మాట్లాడుకుంటారు. పిల్లి పేరు కరణం."

గుడ్డ ఆగిపోయింది.

"ముగ్గుపిండితో గీత గీసుకున్నారా?"

"అవునండి. మీకెలా తెలుసు?"

"మా అమ్మానూ, మా పెద్దమ్మానూ." ఆయన ముఖంలో ఏదో కదిలింది. "అయితే పిల్లి కాదది, మేక. మేకని పిల్లి సేసింది సూసావా." తర్వాత నవ్వడం మొదలుపెట్టారు, చక్రం పట్టుకుని, భుజాలు ఊగేలా. ఫిబ్రవరి తర్వాత ఆయన నవ్వగా నేను చూడడం అదే.

"పులుసు గిన్నె సంగతి రాసిందా?" అనడిగారు కళ్ళు తుడుచుకుంటూ.

"రాశారు."

"అదీ నిజమే. కొత్తకాపరానికొచ్చినప్పుడు తనకే జరిగింది. మద్దేనం అన్నం తిన్నాక తెస్తావా ఆ పుస్తకం?"

అక్టోబరు 18

కాగితాల పడవ వచ్చింది. ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పి పంపేశాను.

అక్టోబరు 24

మూడు మీటర్ల ముప్పై. ఒకటీ నలభై ఐదు. మూడో తలుపు రబ్బరు మార్చాం.

మధ్యాహ్నాలు లాకు గట్టు మీద, నీడ ఉన్నంతసేపు చదువుతున్నాను. మొదట్లో పేజీ చదివేసరికి గొంతు ఆరిపోయేది. ఇప్పుడు మంచినీళ్ళు తాగకుండా ఆరేడు పేజీలు వెళుతున్నాం. బాబాయ్ వలలు అల్లుకుంటూ వింటారు. నచ్చని చోట "అది దాటెయ్" అంటారు. ఆ మాట భలే హాయిగా ఉంది. పెళ్ళి భోజనాల జాబితా రెండు పేజీలుంటే దాటేశాం. దాటేసినందుకు ఎవరూ ఏమీ అనలేదు.

నూకాలు పడవ పేరు మైనా. ఏ ఊరు వెళ్ళినా దాన్ని చూసినవాళ్ళుంటారు, రెండు రోజుల కిందటే ఇటు పోయిందంటారు. ఆ ఊళ్ళలో సగం ఇప్పుడు గోడకు అవతల నీళ్ళలో ఉన్నాయి. బాబాయ్ ఒక్కో పేరు వినగానే చేత్తో అటు చూపిస్తారు, "అదిగో, ఆ బోయా కాడ," అని.

ఒకటి మాత్రం గమనించాను. చదువుతున్నంతసేపూ ఆయన దేనికోసమో కాచుకుని ఉన్నారు. ఇవాళ అడిగేశారు.

"నేనెక్కడైనా ఉన్నానా అమ్మాయ్ అందులో?"

ఐదో నోటుపుస్తకం దాకా వచ్చాం. లేరు. అదే చెప్పాను.

"ఏమోలే," అన్నారు. "రోజూ ఎదురుగా ఉండేవోణ్ణి మళ్ళీ రాసుకోటం ఎందుకనుకుందేమో." వల ముడి ఒకటి తప్పు పడింది. విప్పి మళ్ళీ వేశారు.

నవంబరు 2

తుఫాను హెచ్చరిక. సముద్రం వైపు నాలుగు మీటర్ల యాభై. గట్టు మీద సామాను లోపల పెట్టాం. నోటుపుస్తకాల పెట్టె పైఅంతస్తులో కట్టేశాను.

చదువుతూ ఆపిన చోటు: నూకాలు, గొడుగులు బాగుచేసే ఒక ముసలాయన, మునిగిన పొలాల మధ్య గట్టు మీద చిక్కుకుపోయారు. గట్టు కోసుకుపోతోంది. ముసలాయనకు ఈత రాదు. సంచిలో పదకొండు విరిగిన గొడుగులున్నాయి.

నవంబరు 5

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను.

మూడో తేదీ ఉదయం పది గంటలకు కరెంటు పోయింది. రెండో తలుపు సగం మూసుకుని ఆగిపోయింది. సందులోంచి ఉప్పునీరు కాలువలోకి విరుచుకుపడుతోంది. కాలువ కింద పదహారు వేల ఎకరాల వరి, పొట్టమీదుంది. చక్రం చేత్తో తిప్పాలి, పూర్తిగా మూసుకోవడానికి రెండు వందల పన్నెండు చుట్లు. ఇద్దరం చెరో పిడి పట్టుకున్నాం. వాన ముఖాన గులకరాళ్ళలా కొడుతోంది. అరవై చుట్ల తర్వాత నా చేతులు నావి కావనిపించింది.

ఎనభయ్యో చుట్టు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాం. నేను ఆలోచిస్తున్నది తలుపు గురించి కాదు. గొడుగుల బట్టంతా విప్పి ముడేస్తే తాడవుతుందా అని. ఇలాంటప్పుడు ఇదేం ఆలోచన అని సిగ్గేసింది.

అప్పుడు బాబాయ్ గాలికి వినబడేలా అరిచారు. "అమ్మాయ్, ఆ గొడుగులాయన్ని ఒగ్గేసి పోదు కదా అది?"

"పోదు బాబాయ్. నాకు తెలిసి పోదు."

"ఏం సేస్తదంటావు?"

"బట్టతో తాడు కడుతుంది."

"బట్ట పాతది. ఆగదు. ఇనప ఊసలు వాడాలి, ఊసలు."

అక్కణ్ణుంచి తలుపు మూసుకునే దాకా ఊసలా, బట్టా అని వాదించుకుంటూనే తిప్పాం. ఒంటిగంటకు తలుపు కూర్చుంది. పొలాలు దక్కాయి. నా అరచేతుల్లో ఆరు బొబ్బలు.

నా ఒళ్ళు నొప్పుల కంటే పెద్దది ఒకటి రాసుకోవాలి. తర్వాత ఏమవుతుందో తెలుసుకోవాలని నేను తహతహలాడాను. పన్నెండేళ్ళ తర్వాత. ఆ కోరిక చచ్చిపోలేదు. తెలుసుకోవడం మరీ తేలికైపోతే దానికి పుట్టే వ్యవధి లేకపోయింది, అంతే.

(ఊసలే. ఆయనే గెలిచారు. నూకాలు గొడుగు ఊసల కొక్కేలతో తేలుతున్న అరటిబోదెల్ని లాగి తెప్ప కట్టింది.)

నవంబరు 15

సముద్రం వైపు నాలుగున్నర నుంచి దిగి, మూడు మీటర్ల ఇరవైకి వచ్చింది. అంతా మామూలే.

తొమ్మిదో నోటుపుస్తకం ఇవాళ అయిపోయింది. అయిపోయిందనడం సరి కాదు.

నూకాలు కాలువ చివరి ఊరికి వచ్చింది. రేవులో ఒక చాకలామె బట్టలు ఉతుకుతూ ఉంది. నూకాలు ఆమెను, "అమ్మా, ఇటు ఒక పడవ గాని," అని అడుగుతుంది. ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది. తర్వాత నలభై రెండు తెల్ల పేజీలు. వెనక అట్ట దాకా తిప్పి చూశాను, ఒక్కొక్కటీ.

"సదువు," అన్నారు బాబాయ్.

"లేదండి. ఇక్కడితో ఆపేశారు."

"పడవ దొరికిందన్నావు కదా ఆ రోజు."

"పూస చెప్పింది బాబాయ్. ఇందులో లేదు. దానికి ముగింపు లేకపోతే సారం రాదు, అందుకని అదే ఒకటి పెట్టేసింది."

"అబద్ధం సెప్పిందా?"

"అది అబద్ధమని దానికి తెలీదు."

ఆయన అల్లుతున్న వల ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టారు. నాకు భయమేసింది, మళ్ళీ గాయపరిచానేమోనని. పడవ దొరికిందన్న ఆ ఒక్క మంచిమాట కూడా ఆయన దగ్గర లాగేసుకున్నానేమోనని.

"జనవరిలో నీరసంగా ఉందంటే, కలం పక్కన పెట్టి పడుకోమన్నాను," అన్నారు. "అప్పుడాపింది." మళ్ళీ వల ఒళ్ళోకి తీసుకుని అన్నారు, "అయితే అది ఇంకా ఎతుకుతానే ఉందన్నమాట."

"అవునండి."

"బాగుంది," అన్నారు. "దొరికేసిందంటేనే నాకు ఏదోగా ఉండేది. మొదటి పుస్తకం సదవలేదన్నావు కదా. కొబ్బరిసెట్ల గొడవ. రేపణ్ణుంచి అది మొదలెట్టు. ఇంకా నాలుగు రోజులుంది."

నవంబరు 20

పడవ తొమ్మిదింటికి వచ్చింది. నడిపే దీవెనమ్మ, రేకుపెట్టె ముందు ఎక్కించమన్న బాబాయ్‌ని చూసి, అందులో ఏముందని అడిగింది.

"మా ఆవిడ పుస్తకం," అన్నారు ఆయన, ఊళ్ళో అందరికీ తెలిసిన పుస్తకమన్నట్టు. "ఒడ్డున సదివేవోళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

"మా చిన్నక్క చదువుద్దండి. పూస పడదు దానికి, తలతిప్పుద్ది."

"అయితే మీ ఇంటి పక్కనే గది సూడు."

నా తల మీద చెయ్యి పెట్టారు. నేను వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టాను. పడవ మలుపు తిరిగే దాకా గట్టు మీదే ఉన్నాను.

వెళ్ళేముందు దీవెనమ్మకు ఒక పని చెప్పాను. ఒడ్డున పాతవి అమ్మేచోట కాగితం పుస్తకం దొరికితే తెమ్మన్నాను. ఏదైనా సరే, లావుగా ఉండాలి.

"దేని గురించిందో పూసనడిగి తేనాండి?"

"వద్దు. అడగొద్దు."

డిసెంబరు 4

సముద్రం వైపు మూడు మీటర్ల ఐదు. కాలువ వైపు ఒకటీ నలభై. కొత్త లస్కరు సంక్రాంతి నెలలో వస్తాడని కబురు. అప్పటిదాకా నాలుగు తలుపులూ నేనే.

పోయిన వారం దీవెనమ్మ తెచ్చిన పుస్తకానికి అట్ట లేదు. మొదటి పదహారు పేజీలూ లేవు. పేరేమిటో, రాసిందెవరో తెలియదు. అలాంటిది తెచ్చినందుకు తనే నొచ్చుకుంది. ఇంకోటి తెస్తానంది. నేను పుస్తకం తిరిగి ఇవ్వలేదు.

రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక గట్టు మీద కూర్చుంటున్నాను. కొన్ని రోజులు ఇరవై పేజీలు, కొన్ని రోజులు రెండే. మొన్న ఒక పేజీ నచ్చి, ముందుకు పోకుండా మూడుసార్లు అదే చదివి పడుకున్నాను. ఈ నెల రోజుల్లో చెవి వెనక్కి చెయ్యి పోవడం తగ్గింది. పూర్తిగా పోలేదు.

ఇవాళ దీవెనమ్మ బియ్యం దింపి, తాడు విప్పుతూ నా చేతిలో పుస్తకం చూసింది.

"దేని గురించండి అది?"

"ఇంకా తెలీదు. ఒకాయన ఇంటి ముందు పొద్దున్నే ఒంటె నిలబడి ఉంది. దాన్ని ఏం చెయ్యాలో ఆయనకు తోచడం లేదు. నేనక్కడున్నాను."

దీవెనమ్మ విప్పిన తాడు మళ్ళీ మేకుకు చుట్టింది.

"ఎవరిదండి ఒంటె?"

"కూర్చో," అన్నాను.